పథ్యం నిమ్మకాయ

మొన్నటి వానాకాలం చివర్నుంచి నాకు తెల్లవారడమంటే మా ఆవిడ పాదం మీద బొటనవేలు పెట్టి నొక్కడమే. తను ఇంకా మంచం మీదే ఉండేది. నేను కింద కూర్చుని, కాళ్ళ దగ్గర దుప్పటి కాస్త జరిపి, చీలమండ పక్కన గట్టిగా నొక్కి వేలు తీసేవాణ్ణి. అక్కడ గుంట పడేది. మంచి రోజున చూస్తూండగానే పూడిపోయేది. చెడ్డ రోజున నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, పాలు పొయ్యి మీద పెట్టి తిరిగొచ్చినా అలాగే ఉండేది. అలాంటి రోజున నాకు కాలు నిలిచేది కాదు. స్కూల్లో పాఠం చెబుతూ కూడా ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడ దాకా తిరుగుతూనే ఉండేవాణ్ణి.

"ఆ వేలు తియ్యండి బాబూ. నేనేమన్నా చపాతీ పిండినా, నానిందో లేదో చూసుకోడానికి?" అని విసుక్కునేది తను.

నేను మొదట్నుంచీ నిదానం లేని మనిషిని. బస్సు టైముకి చాలా ముందే రోడ్డు మీదికి వెళ్ళి నిలబడతాను. అన్నం ఉడక్కముందే మూత తీస్తాను. కోపం ముందొస్తుంది, మాట తర్వాత వస్తుంది. తను నాకు పూర్తిగా వేరు. ఏ పనైనా దాని వేళకి అదే అవుతుందంటుంది. పెళ్ళైనప్పట్నుంచీ వంటిల్లు తనది, కంగారు నాది. తన గుండెకి నీరసం వచ్చేదాకా ఈ ఏర్పాటు బాగానే సాగింది.

మేముండేది కొవ్వూరు. డాక్టర్ గారు గోదావరికి అవతల, రాజమండ్రిలో. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు అని చెప్పి వెళ్ళాం. ఆయన పరీక్షలన్నీ చేయించి నింపాదిగా చెప్పారు.

"గుండె కొంచెం బలహీనపడిందమ్మా. అందుకే ఒంట్లో నీరు చేరుతోంది. మాత్రలు వాటి పని అవి చేస్తాయి. ఉప్పు మానడం మాత్రం మీ చేతిలో ఉంది. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు, బేకరీ సరుకు, ఇవేవీ వద్దు."

"మరి ముద్ద దిగేదెలాగండీ?" అంది మా ఆవిడ.

"నిమ్మకాయ పిండుకోండమ్మా. దానికి అడ్డు లేదు."

తను అవతల చీటీ తీసుకుంటుంటే నన్ను మాత్రం పక్కకి పిలిచారు. "మాస్టారూ, ఈ నీరు ఊపిరితిత్తుల దాకా వెళ్ళనివ్వకండి. వెళ్ళిందంటే మళ్ళీ వెనక్కి తీసుకురావడం కష్టం" అన్నారు. ఆటోలో బ్రిడ్జి దాటుతున్నంతసేపూ నాకు ఆ మాటే చెవిలో ఉంది. కింద గోదావరి నిండుగా పారుతోంది. నీళ్ళ వైపు చూడబుద్ధి కాలేదు.

ఇంటికి రాగానే చొక్కా కూడా విప్పకుండా అటక మీదవీ అలమరలోవీ జాడీలన్నీ కిందికి దించాను. ఆవకాయ, మాగాయ, గోంగూర, ఉసిరికాయ. ఇరుగుపొరుగు ఇళ్ళకి కొన్ని, చర్చి ఆవరణలో వంట చేసే ఆవిడకి కొన్ని ఇచ్చేశాను. ఎండుచేపల డబ్బా కూడా వెళ్ళిపోయింది. ఉప్పు డబ్బా నా స్కూటర్ డిక్కీలో పెట్టి తాళం వేశాను. నేనూ ఉప్పు లేకుండానే తింటానని, ఇంట్లో ఒకటే గిన్నె, ఒకటే వంట అని ప్రకటించాను. నేను సోషల్ మాస్టారిని. ఆ వారమే పదో తరగతి పిల్లలకి ఉప్పు సత్యాగ్రహం పాఠం చెబుతున్నాను.

"అక్కడేమో ఉప్పు కోసం, ఇక్కడేమో ఉప్పు మీద. మీ సత్యాగ్రహం ఎటు నడుస్తోందండీ?" అంది తను కుర్చీలో కూర్చుని.

ఇల్లంతా ఖాళీ చేశాక మిగిలింది మందుల అర. అందులో మాత్రల అట్టల పక్కన అరచేతిలో పట్టేంత పింగాణీ జాడీ ఒకటి ఉంటుంది. అందులో పథ్యం నిమ్మకాయ. మా అత్తగారి చేతిది. దాన్లో కారం లేదు, నూనె లేదు, ఆవపిండి లేదు, పోపు లేదు. ఏళ్ళ తరబడి నల్లబడి, ముక్క పట్టుకుంటే జారిపోయేంత మెత్తబడి ఉంటుంది. వాళ్ళింట్లో జ్వరం పడి లేచినవాళ్ళకీ, బాలింతలకీ, కడుపులో తిప్పినవాళ్ళకీ చిన్న ముక్క నాలిక మీద పెడతారు. పాతబడే కొద్దీ గుణం ఎక్కువంటారు. ఎప్పుడూ అది కంచంలోకి రాలేదు, భోజనాల బల్ల ఎక్కలేదు. మా అత్తగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయి కొన్నాళ్ళయింది. ఆవిడ పెట్టిన జాడీల్లో ఆఖరిది ఇదే. దాని మీద దుమ్ము తుడిచి, మాత్రలు కొత్తవి వచ్చాయి కాబట్టి అర సర్ది, జాడీని వాటికి దగ్గరగా పెట్టాను. ఆ మాత్రలు మింగితే తనకి వికారం పుట్టేది. మింగగానే మూత తీసి ఓ ముక్క చప్పరించేది. నేను దగ్గరుంటే నేనే స్పూన్‌తో తీసిచ్చేవాణ్ణి.

ఇక వంట. తనని స్టవ్ దగ్గర నిలబడొద్దన్నాను. తను ప్లాస్టిక్ కుర్చీ వంటింటి గుమ్మంలో వేయించుకుని కూర్చుంది. మొదటి రోజు కందిపప్పు తెర్లుతూండగానే ఓ నిమ్మకాయ కోసి రెండు బద్దలూ పిండేశాను. ఉప్పు లేని లోటు నిమ్మకాయతో పూడ్చేస్తాం కదా అని ఇంకోటి కూడా పిండాను. నోట్లో పెడితే చేదు.

"దించాలండి. దించి, కాస్త వేడి తగ్గాక పిండాలి. పొయ్యి మీద పిండితే నిమ్మకాయ చేదెక్కిపోతుంది."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పేలోపు పిండేశారు."

ఆ తర్వాత ఆ గుమ్మంలోంచి పాఠాలు వస్తూనే ఉండేవి. కొయ్యకముందు కాయని బల్ల మీద అరచేత్తో దొర్లించాలి, అప్పుడు రసం వదులుతుంది. పిప్పి అయ్యేదాకా నలపకూడదు, తొక్కలో చేదంతా దిగుతుంది. గింజ పడితే వెంటనే తియ్యాలి. అన్నంలో కలిపేటట్టయితే రసం అన్నం మీద పొయ్యకూడదు, చల్లారిన పోపులో కలిపి అప్పుడు అన్నానికి పట్టించాలి. ఇవన్నీ తను నాకు చెప్పవలసి వస్తుందని తనూ అనుకోలేదు, నేర్చుకోవలసి వస్తుందని నేనూ అనుకోలేదు. ఒక్కోసారి నా ఆత్రం చూసి లేచి రాబోయేది. "కూర్చో" అని అరిచేవాణ్ణి. అరిచిన ప్రతిసారీ తనకి ఆయాసం వస్తుందేమోనని భయపడి నేనే మళ్ళీ వెళ్ళి మంచినీళ్ళు ఇవ్వబోయేవాణ్ణి. మంచినీళ్ళకీ కొలత పెట్టారని గుర్తొచ్చి గ్లాసు వెనక్కి పట్టుకొచ్చేవాణ్ణి.

రసంతో కొన్నాళ్ళు నడిచింది. కానీ ఉప్పు తోడు లేని పులుపు ఒంటికాలి మీద నిలబడ్డట్టు ఉంటుంది, ఎక్కువసేపు ఆగదు. కంచంలో అన్నం మిగలడం మొదలైంది. ముందు ఓ ముద్ద, తర్వాత సగం. తను అన్నాన్ని కంచం అంచుకి నెట్టి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేది. తినకపోతే ఒంట్లో సత్తువ ఎక్కడిది? ఆ మిగిలిన అన్నం చూస్తే నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చేవి. ఎవరి మీద కోపమో తెలిసేది కాదు.

ఓ ఆదివారం ఆరాధన నుంచి వచ్చి నిమ్మకాయలు కడుగుతున్నాను. నా గోరు తగిలి ఓ కాయ పైన చర్మం గీసుకుపోయింది. సన్నటి తుంపర చేతి మీద పడింది. ఆ వాసన వంటిల్లంతా నిండింది. ఇన్నాళ్ళూ రసం పిండి ఈ వాసనంతా చెత్తబుట్టలో పోస్తున్నామా అనిపించింది. క్యారెట్ తురిమే పలక తీసి, సన్న కన్నాల వైపు ఆ పసుప్పచ్చ పొరని మాత్రం నాలుగు రాపులు రాశాను. పొగలు కక్కుతున్న అన్నం మీద కాస్త నెయ్యి, మిరియాల పొడి, దాని మీద ఈ తురుము. గుమ్మంలో కుర్చీ కిర్రుమంది.

"ఏం వేశారండీ?"

"తొక్క."

"తొక్కా? తొక్కతో నేను సింకు తోముకుంటాను."

తిని చూడమన్నాను. తిన్నది. ఇంకో గరిటె పెట్టమంది. నేను అవతలికి తిరిగి స్టవ్ తుడుస్తున్నట్టు నటించాను. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

అక్కణ్ణుంచి నన్ను ఎవరూ ఆపలేకపోయారు. తురుములో పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి చిన్న రోట్లో నూరి ముద్దపప్పులోకి పెట్టాను. బెండకాయ వేపుడు దించే ముందు చల్లాను. పచ్చి కొబ్బరితో కలిపి ఉప్మాలో వేశాను. మజ్జిగలో వేస్తే బాగుంది, పెరుగు పచ్చడిలో వేస్తే బాగాలేదు. చందువ ముక్కలకి వెల్లుల్లి, మిరియాలు, ఈ తురుము పట్టించి పెనం మీద వేయించి, దించాక రసం పిండితే చేపకి ఉప్పు లేదన్న సంగతి మొదటి రెండు ముక్కల దాకా గుర్తు రాలేదు. పసుపు పొర దాటి తెల్లది వచ్చిందంటే చేదే. కాబట్టి ఆత్రం పనికిరాదు, కాయని తిప్పుతూ తేలిగ్గా రాయాలి. జీవితంలో మొదటిసారి నేను ఏదైనా తేలిగ్గా చేశానంటే అదే. రసం నాలిక పని చూస్తుంది. తురుము ముక్కు పని చూస్తుంది. ఉప్పు ఒక్కటే చేసిన పనిని ఈ రెండూ పంచుకుంటాయి.

తను తింటోంది. ఇంట్లో రవ్వంత ఉప్పు లేదు. అయినా పొద్దున్నే నా బొటనవేలి కింద గుంట పూడటం లేదు.

నాకు పిచ్చెక్కినట్టయింది. ఆర్నెల్లకోసారి చూసే బరువు మిషన్ మంచం పక్కకి వచ్చింది. రొట్టెలో ఉప్పుంటుందని రొట్టె మాన్పించాను. బిస్కెట్ పొట్లం వెనక అక్షరాలు భూతద్దం పెట్టి చదివాను. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయేమోనని క్యాన్ నీళ్ళతో వంట మొదలుపెట్టాను. పక్కింటావిడ పండక్కి ఇచ్చిన అరిసెలు గుమ్మంలోంచే వెనక్కి పంపేశాను. ఆవిడ చిన్నబుచ్చుకుంది. చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్ గారు కాగితాలు చూసి కళ్ళజోడు తీశారు.

"ఊరగాయలేమన్నా తింటున్నారామ్మా?"

"అయ్యో, లేదండి" అంది తను.

"ఒక్క ముక్క కూడా లేదండి. ఇల్లంతా నేనే ఖాళీ చేశాను" అన్నాను నేను, కాస్త గట్టిగానే.

ఇద్దరం దేవుడి సాక్షిగా నిజమే చెప్పాం. ఆయన మాత్ర మోతాదు పెంచారు. దాంతో వికారమూ పెరిగింది. మందుల అర దగ్గరికి తను వెళ్ళడమూ పెరిగింది. "మాత్రలు పెంచడం తప్ప ఆయనకేం తెలీదు" అని దారంతా నేను సణుగుతూనే ఉన్నాను.

"ఇంత హడావిడి పడితే ముందు మీరు పోతారు. నన్నెవరు చూస్తారు?" అంది తను. నవ్వుతూనే అంది. రెండు అడుగులు వేసి, గోడ పట్టుకుని ఆగి అంది.

నవంబరు వచ్చేసరికి తనకి కేకు ధ్యాస పట్టుకుంది. ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంట్లో నిమ్మకాయ కేకు ఉండాలి. చర్చి అయ్యగారింటికి, వీధిలో వాళ్ళకి, స్కూల్లో మాస్టార్లకి పంచాలి. ఎప్పుడూ బజార్లో దొరికే ఎసెన్స్ చుక్కలు వేసేది. ఆ సీసా తీసి వాసన చూస్తే, రోజూ తురుము వాసనకి అలవాటు పడ్డ నా ముక్కుకి గచ్చు కడిగే మందులా తగిలింది. ఫోన్లో వెతికితే ఇంట్లోనే చేసుకోవచ్చన్నారు. పసుపు తొక్క వోడ్కాలో నానబెట్టి, వెలుతురు తగలకుండా కొన్ని వారాలు ఉంచాలి.

వోడ్కా అంటే బ్రాందీ షాపుకి వెళ్ళాలి. నేను చర్చి కమిటీ మెంబర్ని. మధ్యాహ్నం జనం లేని వేళ చూసి వెళ్ళి, హెల్మెట్ తియ్యకుండానే కిటికీ దగ్గర నిలబడి, రంగు లేనిది చిన్న సీసా ఇమ్మన్నాను. లోపలున్న కుర్రాడు లేచి నిలబడ్డాడు.

"నమస్తే సార్. మీ గొంతు మర్చిపోతామా సార్?"

"కేకులోకి" అన్నాను.

"అలాగేనండి సార్, కేకులోకే" అని వాడు సీసాని పాత పేపర్లో భక్తిగా చుట్టి ఇచ్చాడు. పక్కన నిలబడ్డ ఇద్దరు నాకు దారి ఇచ్చారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. చివరికి దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా నేను సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాను. గాజు సీసాలో తొక్కలు వేసి వోడ్కా పోసి బియ్యం డబ్బాలో దాచాను. రోజుకోసారి ఊపితే చాలన్నారు. నేను వెళ్తూ వస్తూ ఊపేవాణ్ణి. మెల్లగా నీళ్ళలాంటి వోడ్కాకి ఎండ రంగు వచ్చింది. తొక్కలు మాత్రం వెలవెలబోయాయి.

క్రిస్మస్ వారంలో వదిన, అంటే మా ఆవిడ అక్కగారు, జంగారెడ్డిగూడెం నుంచి కేకు పనికి సాయం వచ్చింది. బస్సులో కడుపు తిప్పిందని గుమ్మంలోనే కూలబడింది.

"ఏమండీ మరిదిగారూ, అమ్మ పెట్టిన నిమ్మకాయ ఇంకా ఉందా? ఓ ముక్క పెట్టండి, నోరు కాస్త సర్దుకుంటుంది."

నేను మందుల అర తెరిచి జాడీ తీశాను. అది సగానికి పైగా ఖాళీ అయి ఉంది. స్పూన్‌తో ముక్క తీస్తుంటే నల్లటి రసం నా వేలి మీద కారింది. వేలు నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు. నాలిక మీద చెంపదెబ్బ కొట్టినట్టు ఉప్పు. అంతకుముందు ఆ ముక్క నేనూ ఎన్నోసార్లు చప్పరించాను, జ్వరాలొచ్చినప్పుడు. పులుపే తెలిసేది. ఇప్పుడు నెలల తరబడి ఉప్పు లేని తిండి తిన్న నాలికకి పులుపు ఎక్కడో వెనకపడిపోయి, ఉప్పొక్కటే ముందుకొచ్చింది. నిమ్మకాయలు ఉప్పులో పాతి ఎండబెడితేనే కదా అన్నేళ్ళు నిలవుండేది. బిస్కెట్ పొట్లం దాకా, బోరు నీళ్ళ దాకా వెతికినవాణ్ణి, దీన్ని నా చేత్తోనే మాత్రల పక్కన పెట్టాను.

"ఏంటండీ, అలా నిలబడిపోయారు?" అంది వదిన.

ముక్క ఆవిడకి ఇచ్చేసి బయటికి వెళ్ళిపోయాను. కాలవ గట్టు మీద ఆ చివరి దాకా నడిచాను, మళ్ళీ వెనక్కి నడిచాను. పిన్నీసు కనబడకపోయినా ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి, ఇప్పుడు నోరు పెగల్లేదు. ఏమని చెప్పను? నిన్ను బతికిస్తోందని నువ్వు నమ్ముతున్న మీ అమ్మ చేతి ముక్కే నీ కాళ్ళలో నీరు నింపుతోందని ఎలా చెప్పను? గట్టు మీద నుంచే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఆయన, "ఈ పూట నుంచే ఆపెయ్యండి. రెండు రోజుల్లో ఒకసారి తీసుకురండి" అన్నారు.

నేను వచ్చేసరికి తను కుర్చీలో కూర్చుని గుడ్లు గిలక్కొడుతోంది. చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత కోపం వచ్చింది. తనకి కోపం రావడం నేను చాలా అరుదుగా చూశాను.

"దాన్లో ఉప్పుందని నాకు తెలీదా? మా అమ్మ పక్కన కూర్చుని ముక్కలు కోసినదాన్ని నేను. మందులో వేసింది ఉప్పెలా అవుతుందండీ?"

గిలక్కొట్టే చెయ్యి మెల్లగా ఆగింది. తను తన పాదాల వైపు చూసుకుంది, చాలాసేపు.

"అమ్మ ఉంటే తనే చెప్పేది, వద్దే అని" అంది.

జాడీ తెమ్మంది. నేను తెచ్చాను. నిజానికి దాన్ని పట్టుకెళ్ళి కాలవలో విసిరెయ్యాలని గట్టు మీద అనుకున్నాను. తన ఒళ్ళో పెట్టాక చేతులు రాలేదు. తను మూత తీసింది, ముఖం దగ్గరగా పెట్టుకుంది.

"వాసనలో ఉప్పుండదు కదండీ?"

"ఉండదు."

కళ్ళు మూసుకుని వాసన చూసింది. మూత పెట్టి, పాత పద్ధతిలోనే దాని మీద గుడ్డ కట్టి అక్కగారి చేతిలో పెట్టింది. "నీ కోడలికి నెలలు దగ్గర పడ్డాయి కదే. డాక్టరమ్మని అడిగి, తినొచ్చంటే బాలింతకి పెట్టు" అంది. వదిన పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

కేకు చేశాం. కుక్కర్ అడుగున ఎప్పుడూ పోసే రాళ్ళుప్పు బదులు ఇసుక పోశాను. అది కేకులోకి రాదని నాకూ తెలుసు, అయినా పోశాను. వెన్న ఇంట్లో చిలికిందే. పిండి కలిపాక బియ్యం డబ్బాలోంచి సీసా తీసి, ఎండ రంగు నీళ్ళు ఓ చెంచాడు వేశాను. పైన తాజా తురుము చల్లాను. పండగ రోజు పొద్దున్న తను ఓ ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. ఇంకో ముక్క తుంచుకుంది.

మాత్రలు మాత్రం ఆగలేదు, వికారమూ ఆగలేదు. జాడీ ఉన్న చోట ఖాళీ. మాత్ర మింగి అలవాటుగా చెయ్యి అటు చాచి వెనక్కి తీసుకునేది. నాకు చూడబుద్ధి కాలేదు. నిమ్మతొక్కని సన్నగా చీరి, చేదు పోయేదాకా మళ్ళీ మళ్ళీ నీళ్ళు మార్చి ఉడికించి, కొంచెం బెల్లంలో దగ్గరకి తెచ్చి, దించాక రసం పిండాను. చిన్న కప్పులో పెట్టి మాత్రల పక్కన పెట్టాను. తను చప్పరించి కాసేపు ఆలోచించింది.

"అమ్మది కాదు. కానీ నోరు ఒప్పుకుంటోంది" అంది.

అది నాలుగో రోజుకి బూజు పట్టింది. మళ్ళీ చేశాను, మళ్ళీ పట్టింది. అందుకని రోజూ పొద్దున్నే ఓ కాయంత చేస్తున్నాను. స్కూలుకి వెళ్ళే లోపు తొక్క చీరాలి, ఉడకాలి, దగ్గర పడాలి. నా కంగారంతా ఆ గిన్నె చుట్టూనే. మొన్న అలాగే గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరికీ మంచం దగ్గరికీ తిరుగుతుంటే తను పడుకునే చూస్తోంది.

"ఉప్పు లేనిది ఏదీ నిలవుండదండి. ఎందుకు మీకీ అవస్థ?"

"నిలవెందుకు? రోజూ చేస్తాను."

"ఎన్నాళ్ళు చేస్తారు?"

డాక్టర్ గారు ఆ మాటకి జవాబు ఎప్పుడూ సూటిగా చెప్పలేదు. నేనూ ఎప్పుడూ గుచ్చి అడగలేదు.

"నువ్వు తిన్నన్నాళ్ళూ" అన్నాను.

తను దుప్పట్లోంచి కాలు బయటికి చాపింది.

"సరే గానీ, ముందు నొక్కి చూడండి. మీకు స్కూలుకి టైమైపోతోంది" అంది.